ఉసూర్‌కి ఈ పూటే పూలు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉసూర్ ఒక చిన్న ఊరు. ఊరు చిన్నదైనా బ్లాకుకి పేరు దానిదే. 2025 వేసవిలో వార్తల్లో బాగా నలిగిన కర్రెగుట్టలున్నాయే, వాటికి ఇవతల మన ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం మండలాలు, అవతల ఉసూర్. అక్కడి దొర్లల మాటలో తెలుగు పాలు ఎక్కువ. ఏటా మిరప కోతలకు గోదావరి ఒడ్డు ఊళ్లకు కూలికి వచ్చేవాళ్లలో ఆ వైపు జనం చాలామందే ఉంటారు. అలాంటి ఊళ్లో బడిపంతులో, క్యాంపులో జవానో అయిన తమ్ముడికి ఇవాళ పుట్టినరోజు అనుకుందాం. హైదరాబాద్‌లో ఉన్న అక్కకి పొద్దున తొమ్మిదింటికి ఆ సంగతి గుర్తొచ్చింది. ఫోన్ తీసి, పన్నెండు ఎర్ర గులాబీల బొకే ఎంచుకుని, 'ఇవాళే డెలివరీ' అన్నచోట నొక్కి, డబ్బు కట్టేసింది. సాయంత్రానికి ఆ గులాబీలు ఉసూర్ చేరతాయా?

జవాబు సగం రోడ్డు మీద ఉంది, సగం పువ్వు లోపల ఉంది. రోడ్డు సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక.

పిన్‌కోడ్ మన దేశంలోకి వచ్చింది 1972 ఆగస్టు 15న. ఆరంకెల్లో మొదటి రెండూ చూస్తే చాలు, ఉత్తరం ఏ రాష్ట్రం దారి పట్టాలో తెలిసిపోతుంది. 50 అయితే తెలంగాణ, 49 అయితే ఛత్తీస్‌గఢ్. అంటే గుట్టకి ఇవతలున్న ములుగు హైదరాబాద్ లెక్కలో ఉంటే, అవతలున్న ఉసూర్ రాయ్‌పూర్, జగదల్‌పూర్ లెక్కలోకి వెళ్లిపోయింది. పటంలో వేలు పెట్టి కొలిస్తే పక్కపక్కనే. బండి దారి మాత్రం వరంగల్, ఏటూరునాగారం మీదుగా వెళ్లి, ముల్లకట్ట దగ్గర గోదావరి దాటి, భోపాల్‌పట్నం, బీజాపూర్, ఆవపల్లి చుట్టి ఉసూర్ చేరాలి. నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. పోనీ ఆ వైపు నుంచి చూద్దామా అంటే, బస్తర్‌లో చెప్పుకోదగ్గ పట్నం జగదల్‌పూర్. అక్కడి నుంచి బీజాపూర్ సుమారు 160 కిలోమీటర్లు, బీజాపూర్ నుంచి ఉసూర్ మరో యాభై అటూఇటుగా. దశాబ్దాల పాటు మావోయిస్టు పోరు నడిచిన నేల అది. తవ్విపోసిన రోడ్లు మళ్లీ వేయడం, వేసిన రోడ్డుకి క్యాంపు కాపలా పెట్టడం ఇటీవలి దాకా సాగిన కథ. 2020 సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి జగదల్‌పూర్‌కి విమానం మొదలైంది కాబట్టి పూలపెట్టె గాల్లో అక్కడిదాకా రావచ్చు. దిగాక మిగిలేది మళ్లీ ఆ రెండు వందల పది కిలోమీటర్లే. కారు కట్టించుకుంటే అయిదారు గంటల్లో చేర్చవచ్చు. కానీ డీజిల్ ఖర్చు ముందు బొకే ఖరీదు ఏ మూలకి?

అయినా ప్రపంచంలో పూల డెలివరీ నడుస్తున్నది పూలను మోసుకెళ్లి కాదు. ఈ వ్యాపారంలోని అసలు కిటుకు నూరేళ్ల పైబడిన పాతది. 1908లో బెర్లిన్‌లో మాక్స్ హ్యూబ్నర్ అనే పూల వర్తకుడు తోటి దుకాణదారులను కూడగట్టి ఒక ఏర్పాటు చేశాడు. నా దగ్గరికొచ్చిన మనిషి దూరపు ఊరికి పూలు పంపాలంటే నేను పూలు పంపను, ఆ ఊళ్లో ఉన్న నీకు కబురు పంపుతాను. నువ్వు నీ దగ్గరున్న పూలు ఇచ్చిరా, డబ్బు తర్వాత లెక్క చూసుకుందాం. అదే ఫ్లూరాప్. రెండేళ్లకు, 1910లో, అమెరికాలో పదిహేను మంది పూల వర్తకులు ఇదే పద్ధతిలో చేతులు కలిపి తమ సంఘానికి పేరులోనే టెలిగ్రాఫ్ అని పెట్టుకున్నారు. మన దేశంలో తంతి 2013 జూలైలో కాలం చేసింది గానీ తంతి మీద పుట్టిన ఆ వ్యాపారం ఫోన్ తెర మీద ఇంకా నడుస్తూనే ఉంది. 1994లో ఢిల్లీలో ఒక్క దుకాణంతో మొదలై దేశమంతా పాకిన ఫెర్న్స్ ఎన్ పెటల్స్ లాంటి సంస్థలకైనా చివరి మైలు నడిచేది ఆ ఊరి పూల దుకాణం కుర్రాడే. కాబట్టి 'అదే రోజు' అన్న మాటకు అర్థం ఒక్కటే: చేరాల్సిన చోటికి రెండు మూడు గంటల దూరంలో, పువ్వు చేతిలో పెట్టుకుని ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి లేని ఊరి పేరు కూడా పట్టికలో కనబడవచ్చు. పట్టికలో ఊరి పేరు చేర్చడానికి పూలు అక్కర్లేదుగా.

ఇక పువ్వు లోపలికి వెళ్దాం. అసలు రుచి అక్కడుంది.

కోసిన పువ్వు చచ్చినట్టు లెక్క కాదు. ఊపిరి తీస్తూనే ఉంటుంది, నీళ్లు తాగుతూనే ఉంటుంది, తన ఒంట్లో దాచుకున్న చక్కెరను ఖర్చు పెట్టుకుంటూనే ఉంటుంది. వేరు నుంచి రావలసిన సరఫరా ఒక్కటే ఆగింది. కాండంలోని సన్నని గొట్టాల్లో నీరు పైకి ఎలా ఎక్కుతుందో 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ వివరించారు. కింద నుంచి ఎవరూ తోయరు. పైన ఆకులు, పూరేకుల నుంచి ఆవిరి పోతుంటే, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే నీటి అణువుల వరుస మొత్తం పైకి లాగబడుతుంది. బిగదీసిన తాడుకున్నంత ఈడ్పు ఆ నీటిలో ఉంటుంది. కత్తెర పడగానే ఆ ఈడ్పు తెగి, నీరు గొట్టంలో లోపలికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి గాలి దూరుతుంది. ఆ తర్వాత కాడను బిందెడు నీళ్లలో పెట్టినా గాలిబుడగ అడ్డంగా కూర్చుంటుంది. గులాబీ మొగ్గ విచ్చకుండానే మెడ వాల్చేయడం మీరు చూసే ఉంటారు. పువ్వు ముసలిదై కాదు, దప్పికతో అలా వాలుతుంది. కాడ చివర రెండు మూడు సెంటీమీటర్లు నీళ్లలో ముంచి ఉంచే మళ్లీ కోస్తే బుడగ ఉన్న ముక్క పోతుంది, మెడ చాలాసార్లు తిరిగి లేస్తుంది. గొట్టానికి ఇంకో శత్రువు బాక్టీరియా. పాతబడిన నీళ్లలో పుట్టే జిగురు గొట్టాల మూతుల్ని మూసేస్తుంది. పూలకుండీలో చెంచా చక్కెర వెయ్యమని పెద్దలు చెప్పేది నిజమే, అది పువ్వుకి తిండి. కానీ బాక్టీరియాకి కూడా అదే తిండి కాబట్టి రెండు చుక్కల బ్లీచింగ్ ద్రావణం, కొంచెం నిమ్మరసం తోడు లేకుండా చక్కెర ఒక్కటే వేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఊపిరి సంగతి ఇంకా కీలకం. వేడి పెరిగే కొద్దీ పువ్వు శ్వాస వేగం విపరీతంగా పెరుగుతుంది. 2 డిగ్రీల దగ్గర ఉంచిన పువ్వుతో పోలిస్తే 30 డిగ్రీల దగ్గర ఉన్న పువ్వు 45 రెట్ల దాకా వేగంగా శ్వాసిస్తుందని కోత అనంతర శాస్త్రజ్ఞులు కొలిచారు. ఆ లెక్కన 30 డిగ్రీల్లో గడిచిన ఒక గంట, చలిపెట్టెలో గడిచే దాదాపు రెండు రోజులకు సమానం. మే నెలలో బీజాపూర్ ఎండ 40 దాటుతుంది. పైగా 40 డిగ్రీల గాలి, 20 డిగ్రీల గాలి కంటే మూడు రెట్లు ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అంటే అదే గాలి రేకుల్లోంచి నీటిని అంత గట్టిగా పీల్చుకుంటుంది. హోసూరు పాలీహౌసుల్లో తెల్లారకముందే కోసి, గంటలోపే చల్లగదికి చేర్చి, చల్లబండిలో ఎక్కించిన గులాబీ పది రోజులు బతకగలదు. ఆ బండి దిగి, జీపు వెనక సీట్లో ఎండ తగిలే అద్దం పక్కన అయిదు గంటలు కూర్చుంటే, అంతకుముందు చేసిన సేవంతా బూడిదలో పోసిన పన్నీరే. పూల గంపలో కూడా ఈ శ్వాస వేడి తెలుస్తుంది. నిండా పోసిన బంతిపూల గంప నడిమధ్యకి చెయ్యి దూర్చి చూడండి, పైన చల్లగా ఉన్నా లోపల గోరువెచ్చగా తగులుతుంది. బయటి ఎండ వేడి కాదది, పూలదే. అందుకే బరువైన గంపను మధ్యమధ్యలో కుళ్లగించి మళ్లీ పోస్తారు. ఎక్కువ నీళ్లు చిలకరించి ప్లాస్టిక్ కవర్లో మూతి బిగిస్తే ఇంకో ముప్పు. ఆవిరి చుక్కలై రేకుల మీద కూర్చుంటుంది, బూజు పడుతుంది.

మూడో శత్రువు కంటికి కనబడదు. దాని కథ దీపస్తంభాల దగ్గర మొదలైంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నగరాల వీధుల్లో బొగ్గు గ్యాసు దీపాలుండేవి. గొట్టం కారిన చోట చెట్లు అకాలంగా ఆకులు రాల్చేవి. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రీ నెల్యుబోవ్ అనే విద్యార్థి ప్రయోగశాలలో బఠాణీ మొలకలు వంకరగా పెరగడం చూసి, కారణం వెతుక్కుంటూ వెళ్లి ఇథిలీన్ అనే వాయువును పట్టుకున్నాడు. ఏడేళ్లకు షికాగోలో గాజు ఇళ్లలో పెంచే కార్నేషన్ పూలు విచ్చినవి విచ్చినట్టే ముడుచుకుపోయి వర్తకులకు నష్టం తెచ్చాయి. విలియం క్రాకర్, లీ నైట్ పరీక్షించి చూస్తే ఇరవై లక్షల పాళ్ల గాలిలో ఒక్క పాలు ఇథిలీన్ ఉన్నా, పన్నెండు గంటల్లో విచ్చిన పువ్వు ముడుచుకుపోతోంది. 1934లో రిచర్డ్ గేన్ ఇంకో మెలిక విప్పాడు: పండే పళ్లు ఇదే వాయువును తమంతట తాము విడుస్తాయి. ముదురుతున్న పూలూ విడుస్తాయి. వాహనాల పొగలోనూ ఉంటుంది. కాబట్టి జగదల్‌పూర్ నుంచి వచ్చే బండిలో మామిడి పళ్ల బుట్ట పక్కన కార్నేషన్ల పెట్టె పెడితే ఉసూర్ చేరేసరికి పెట్టెలో రేకులు ముడుచుకుపోయి ఉంటాయి. దీనికి మందులున్నాయి. వెండి లవణాల ద్రావణం ఒకటి. 1990ల్లో నార్త్ కరోలినాలో సిస్లర్, బ్లాంకెన్‌షిప్ పసిగట్టిన ఒక వాయువు ఇంకొకటి. అది ఇథిలీన్ కూర్చోవాల్సిన పీట మీద ముందే కూర్చుని దాన్ని కూర్చోనివ్వదు. పెద్ద ఎగుమతిదారుల దగ్గర ఇవి మామూలే. చిన్న పట్నంలో పూల దుకాణం నడిపే మనిషికి వీటి పేరు కూడా తెలియకపోవచ్చు.

మంచి సంగతి ఏమిటంటే అన్ని పూలకూ ఈ బలహీనత లేదు. చామంతి ఇథిలీన్‌ని పెద్దగా లెక్కచేయదు. గ్లాడియోలస్ కూడా అంతే, పైగా కింది పువ్వు వాడేలోగా పై మొగ్గ విచ్చుతుంది. ఆంథూరియం అయితే చలిపెట్టె కూడా వద్దంటుంది. ఉష్ణమండలపు పువ్వు కదా, మరీ చల్లబెడితే నల్లబడుతుంది. ప్రేమకి గులాబీ తప్ప ఇంకో పువ్వు పనికిరాదన్న పట్టుదల మనకెవరు నేర్పారో గానీ, దూరపు ఊళ్లకి పంపేవాళ్లను అది బాగా ఖర్చు పెట్టిస్తోంది.

ఇదంతా కాడ ఉన్న పువ్వు సంగతి. మన పూల సంస్కృతి చాలావరకు కాడ లేని పువ్వుది. మూరల్లో కొలిచే మల్లె, కనకాంబరం, గంపల్లో తూచే బంతి, దేవుడి పటానికి చుట్టే లిల్లీ దండ. వీటిని కుండీలో పెట్టి నీళ్లు తాగించే అవకాశమే లేదు. కోసిన క్షణాన ఒంట్లో ఎంత నీరుందో అదే ఆస్తి. మల్లెని చూడండి. మొగ్గ పూర్తిగా ఎదిగి తెల్లబడ్డాక, ఇంకా విచ్చకముందే, పొద్దు పొడవకముందే కోస్తారు. ఆ మొగ్గ లోపల దాచుకున్న పిండి పదార్థం పగలంతా చక్కెరగా మారుతూ ఉంటుంది. చక్కెర పెరిగిన కణాలు నీటిని లాక్కుని ఉబ్బుతాయి, రేకు లోపలి వైపు ఎక్కువ సాగి వెనక్కి విచ్చుకుంటుంది. సాయంత్రానికి పువ్వు. వాసననిచ్చే లినలూల్, బెంజైల్ ఎసిటేట్ లాంటివి కూడా విచ్చే వేళకే జోరందుకుంటాయి. తెల్లారేసరికి రేకుల అంచు గోధుమ రంగు తిరుగుతుంది. మల్లె జీవితంలో 'అదే రోజు' తప్ప ఇంకో రోజు లేదు. అందుకే కడియపులంక పూల మార్కెట్ తెల్లవారుజామునే కోలాహలంగా ఉంటుంది, హైదరాబాద్ గుడిమల్కాపూర్‌కి రాత్రంతా బండ్లు వస్తూనే ఉంటాయి. ఆన్‌లైన్ అన్న మాట పుట్టకముందే తెలుగునాట పూల బేరమంతా అదే రోజు బేరం. ఆర్టీసీ బస్సు టాపు మీద తడిగోనె కప్పిన పూలమూటలు ఎక్కించి కండక్టర్‌కి అప్పగించడం మన తాతల నాటి కొరియర్.

ఆ తడిగోనెలోనూ శాస్త్రముంది. గోనెలోని నీరు ఆవిరవుతూ మూటలోని వేడిని లాక్కుంటుంది, లోపలి గాలిని తేమగా ఉంచుతుంది. దండ కట్టే అరటినార తడిపి వాడతారు కాబట్టి పువ్వు మొదట్లో కాస్త చెమ్మ నిలుస్తుంది. అరటాకులో చుట్టిన మల్లెదండ ప్లాస్టిక్ కవర్లోదాని కంటే బాగా నిలవడానికి కారణం, ఆకు తేమను పట్టి ఉంచుతూనే కాస్త గాలిని పోనిస్తుంది. కనకాంబరానికి వాసన లేదు గానీ తేలిగ్గా వాడదు. మల్లెలో కనకాంబరం కలిపి కట్టడంలో అందంతో పాటు, మర్నాడు దండ పూర్తిగా వెలవెలబోకుండా చూసుకునే లౌక్యమూ ఉందని నా అనుమానం.

ఉసూర్ వైపు అడవికి ఈ 'అదే రోజు' పని తెలియనిదేం కాదు. అక్కడి అతి పెద్ద పూల వ్యవహారం గులాబీది కాదు, ఇప్పపువ్వుది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్టు ఆకు రాల్చి పూస్తుంది. పూత రాత్రి విచ్చుతుంది, గబ్బిలాలు వచ్చి పోతాయి, తెల్లవారుజాము నుంచి పూలు టపటపా రాలతాయి. రాలేది మొత్తం పువ్వు కాదు, లోపల బోలుగా, పూసలా ఉండే వెన్నరంగు కండగల భాగం. అండాశయం చెట్టు మీదే ఉండిపోయి కాయ అవుతుంది, ఆ గింజ నుంచి ఇప్పనూనె వస్తుంది. అంటే పువ్వు ఏరుకున్నందుకు కాయకి నష్టం లేదు. ఇల్లిల్లంతా గంపలతో చెట్టు కింద చేరేది వెలుతురు రాకముందే. పశువులు, ఎలుగుబంట్లు కూడా దానికోసమే వస్తాయి మరి. వేళ్ల మధ్య ఒత్తితే తేనెలాంటి రసం చేతికి అంటుతుంది, వాసన మత్తుగా ఉంటుంది. ఆ తీపే దాని సమస్య. నీరు, చక్కెర రెండూ నిండా ఉన్న పువ్వు మీద ఈస్టు వాలడానికి ఎంతో సేపు పట్టదు. ఏరిన రోజే ఎండలో పలచగా పరవకపోతే పులుపు తిరుగుతుంది. మూడు నాలుగు రోజుల ఎండకి పూస ముడుచుకుని ఎండుద్రాక్ష రంగుకి వస్తుంది. నీరు పోయి చక్కెర చిక్కబడ్డాక సూక్ష్మజీవి బతకడానికి కావలసిన తడి దొరకదు. ఇక అది నెలల తరబడి నిలవ ఉంటుంది, సంతకి పోతుంది, సారాకి పోతుంది, ఉట్నూరు వైపు ఆదివాసీ ఆడవాళ్ల చేతుల్లో లడ్డు అవుతుంది. 2021లో ఛత్తీస్‌గఢ్‌లోనే కోర్బా జిల్లా అడవుల నుంచి ఎండిన ఇప్పపువ్వు ఓడెక్కి ఫ్రాన్స్‌కి వెళ్లింది. ఈ అడవి పువ్వు అంత దూరం వెళ్లగలిగింది నీళ్లు వదులుకుంది కాబట్టి. గులాబీకి ఆ వీలు లేదు.

అక్క దగ్గరికి మళ్లీ వద్దాం. తొమ్మిదింటికి కట్టిన ఆర్డర్ ఇవాళ చేరే మార్గం ఒక్కటే కనిపిస్తోంది, బీజాపూర్‌లోనో ఆవపల్లిలోనో పూజాసామగ్రి, పూలు అమ్మే దుకాణం. కంపెనీ అలాంటి దుకాణానికి కబురు పంపిందా, లేక పెట్టెని కొరియర్‌కి అప్పగించిందా అన్నది ముందు అడిగి తెలుసుకోవాలి. కొరియర్ అన్నారంటే రెండు మూడు రోజులు, అట్టపెట్టెలో వాడిన కాడలు. దుకాణం నంబరు దొరికి ఫోన్ చేస్తే అతను "దీదీ, గులాబ్ నహీ హై, గేందా హై" అంటాడేమో. గులాబీ లేదక్కా, బంతి ఉంది అని. ఒప్పుకోవడమే తెలివి. చలికాలంలో బంతి, చామంతి ఆ చుట్టుపక్కల పెరళ్లలోనే పూస్తాయి. పొద్దున తెంపి కట్టిన దండ ఉసూర్ బస్సు డ్రైవర్ చేతిలో పెడితే మధ్యాహ్నానికి తాజాగానే ఉంటుంది. గులాబీయే కావాలంటే ముందురోజే చెప్పి, మొగ్గ బిగువుగా ఉన్నవి, కాడలకి తడిదూది చుట్టి, రాత్రిపూట లేదా తెల్లవారుజామున బయల్దేరే బండిలో పంపించమనాలి. పెట్టెలో ఐసుముక్కలు పూలకి ఆనించవద్దనాలి, రేకు కమిలిపోతుంది.

చేరాక తమ్ముడు చేయాల్సినవి రెండు మూడే. కాడ చివర నీళ్లలోనే ఏటవాలుగా కొయ్యాలి, నీటిలో మునిగే ఆకులన్నీ తీసేయాలి, రోజూ నీళ్లు మార్చాలి. కుండీని కిటికీ ఎండకీ ఫ్యాన్ గాలికీ దూరంగా పెట్టుకోవాలి. ఎండాకాలమైతే ఆ గదిలో మంచం కింద గడ్డి వేసి మామిడికాయలు మాగేశారేమో కూడా చూసుకోవాలి.